కొంబుచాలో ఆ అర శాతం: ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి

కొంబుచా అంటే తీపి టీని పులియబెట్టి చేసే పానీయం. దాని సీసా మీద ‘ఆల్కహాల్ 0.5 శాతం లోపు’ అని రాసి ఉంటే ముందు అడగాల్సింది ఒక్కటే. ఆ కొలత ఏ రోజు తీసింది? సీసాలో పోసిన రోజా, కొట్లో ఫ్రిజ్‌లోకి ఎక్కిన రోజా, మీరు మూత తిప్పిన రోజా? బిస్కెట్ ప్యాకెట్‌ని ఈ ప్రశ్న అడగనక్కర్లేదు. కొంబుచాని అడగాలి. పాశ్చరైజ్ చెయ్యని సీసాలో ఈస్టూ బ్యాక్టీరియా ఇంకా బతికే ఉంటాయి, దొరికిన పంచదారని తింటూనే ఉంటాయి. ఫ్యాక్టరీలో రాసుకున్న అంకె ఒకటి, గాజువాకలో ఎండ తగిలే కొట్టు అరలో వారం ఉన్న సీసాలో అంకె ఇంకొకటి.

విశాఖలో ఇప్పుడు కెఫేల్లో దొరుకుతోంది, ఇళ్లలో చేసి తెలిసినవాళ్లకి అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. మంచిదే. తరవాణి, అంబలి తాగి పెరిగిన ఊళ్లకి పులిసిన పానీయం కొత్త కాదు. కానీ తరవాణి ఇంట్లో చేసుకుని ఇంట్లోనే తాగేది. డబ్బు తీసుకుని సీసా చేతిలో పెట్టినప్పుడు అందులో ఏముందో చెప్పే బాధ్యత కూడా ఆ సీసాతోనే వస్తుంది. ఆ చెప్పడం ఎలాగో, ఎక్కడ తప్పు లెక్కలు వస్తాయో చూద్దాం.

ముందు లోపల జరిగేది. లీటరు నీళ్లకి 5 నుంచి 8 గ్రాముల టీ పొడి, 50 నుంచి 100 గ్రాముల పంచదార వేసి డికాక్షన్ కాస్తారు. చల్లారాక పాత కొంబుచా కొంత పోసి, స్కోబీ అనే మందపాటి తెట్టు పైన వేసి, గుడ్డ కట్టి వదిలేస్తారు. ఈస్ట్ ముందు పంచదారని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి, వాటి నుంచి ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది. గాలి అందే చోట ఉన్న బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పులుపుగా మారుస్తుంది. గ్లూకోజ్‌లో కొంత గ్లూకోనిక్ ఆమ్లం అవుతుంది. తాటికల్లు ఎరిగినవాళ్లకి ఈ వరస తెలిసిందే: పొద్దున దించినప్పుడు తీపి, పొద్దెక్కేకొద్దీ మత్తు, మర్నాటికి పులుపు. తేడా ఏమిటంటే కొంబుచాలో ఈ మూడూ ఒకేసారి, ఒకే గిన్నెలో నడుస్తాయి. అందుకే ఏ ఒక్కటి కొలిచినా మిగతా రెండూ ఏ స్థితిలో ఉన్నాయో తెలియదు.

చాలామంది కొలిచేది పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే అంకె) ఒక్కటే. ఎంవీపీ కాలనీలో ఇంట్లో చేసి అమ్మే ఒకావిడ నన్ను అడిగారు: “బాబూ, కాగితం ముంచితే రంగు బాగానే మారింది. ఇంకేటి చూడాల?” ఆవిడ చూసింది అవసరమైనదే. పీహెచ్ 4.6 కంటే పైన ఉంటే ప్రమాదకరమైన క్రిములు పెరగగలవు. అందుకే పాత కొంబుచా పోసి మొదటి రోజే పులుపుని ఆ గీత కిందికి దించుతారు. పూర్తయ్యేసరికి 2.5కీ 3.5కీ మధ్య ఉంటుంది. కాకపోతే టీ రంగు కాగితానికి అంటుకుని 3.0కీ 3.5కీ తేడా తెలియకుండా చేస్తుంది. మీటర్ కావాలి. ఆ మీటర్‌ని కూడా పీహెచ్ ముందే తెలిసిన 4.00, 7.00 బఫర్ ద్రావణాలతో సరిచూసుకున్నాకే నమ్మాలి. పీహెచ్‌ది లాగరిథమ్ లెక్క కాబట్టి 3.3 నుంచి 3.0కి దిగిందంటే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం. పైకి చిన్న తేడాలా కనిపిస్తుంది, అంతే.

అయితే పీహెచ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన రుచి సరిగ్గా ఉన్నట్టు కాదు. పీహెచ్ చెప్పేది ద్రవంలో ఆ క్షణాన విడివిడిగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్ల సంగతి. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, పీహెచ్ 3 దగ్గర అందులో చాలా భాగం విడిపోకుండా అలాగే ఉంటుంది. గొంతులో దిగే ఘాటు దానిదే. ఇంకో వారం ఉంచితే ఆమ్లం బాగా పెరుగుతుంది, పీహెచ్ మాత్రం కొంచెమే కదులుతుంది. ఒకే పీహెచ్ ఉన్న రెండు సీసాల్లో ఒకటి హాయిగా, ఇంకొకటి వెనిగర్ తాగినట్టు ఉండటానికి కారణం ఇదే.

దీనికి టైట్రేషన్ చేస్తారు. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసినదే, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ముందు శాంపిల్‌లో గ్యాస్ పూర్తిగా పోయేదాకా కలపాలి. లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పులుపు కూడా లెక్కలో కలుస్తుంది. పది మిల్లీలీటర్లు కొలిచి, బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వదలాలి. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు టీ రంగులో కలిసిపోయి కనపడదు, అందుకే పీహెచ్ మీటర్ ముంచి 8.2 దగ్గర ఆపడం మేలు. ఎనిమిది మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. ఎనిమిదిని 0.1తో, 60తో హెచ్చవేసి పదితో భాగిస్తే లీటరుకి 4.8 గ్రాముల ఆమ్లం. అరవై అనేది ఎసిటిక్ ఆమ్లం అణుభారం. అంటే ఆ అంకెలో ‘పులుపంతా ఎసిటిక్ ఆమ్లమే అనుకుంటే’ అనే షరతు ఒకటి ఉంది. గ్లూకోనిక్ ఆమ్లం ఎక్కువున్న బ్యాచ్‌లో అసలు ఆమ్లాల బరువు వేరుగా ఉంటుంది. విడివిడిగా తెలియాలంటే పదార్థాల్ని ఒక్కొక్కటిగా వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం కావాలి. అయినా రోజువారీ నాణ్యతకి టైట్రేషన్ చాలు. ఎందుకంటే ఈ బ్యాచ్, పోయిన బ్యాచ్ ఒకేలా ఉన్నాయా అన్న ప్రశ్నకి అది నికరంగా జవాబు చెబుతుంది.

పంచదార దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి చూస్తే బ్రిక్స్ అనే తీపి అంకె వస్తుంది. చెరకు రసానికి అది చక్కగా పనిచేస్తుంది. కానీ అది చూసేది కాంతి ఎంత వంగిందనే, పంచదారని కాదు. కొంబుచాలో ఆల్కహాల్ కూడా కాంతిని వంచుతుంది, ఆమ్లాలూ వంచుతాయి. కాబట్టి ఆ అంకె ఉన్న తీపి కంటే ఎక్కువ చూపిస్తుంది. కొందరు రక్తంలో షుగర్ చూసే గ్లూకోమీటర్ వాడుతున్నారు. ఇది మరీ ప్రమాదం. ఆ పట్టీ గ్లూకోజ్‌ని మాత్రమే పట్టుకుంటుంది, ఫ్రక్టోజ్ దానికి కనపడదు. కొంబుచాలో చివరికి ఫ్రక్టోజే ఎక్కువ మిగిలి ఉండొచ్చు. షుగర్ వ్యాధి ఉన్న మనిషికి ఆ తక్కువ అంకె చూపించి సీసా అమ్మడం తప్పు. సుక్రోజ్ (మనం వేసిన పంచదార), గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మూడూ విడివిడిగా చూపే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు ఉంటేనే లేబుల్ మీద చక్కెర అంకె వెయ్యాలి.

ఇక అసలు చిక్కు ఆల్కహాల్. 2010 జూన్‌లో అమెరికాలో హోల్ ఫుడ్స్ కొట్లు కొంబుచా సీసాల్ని అరల మీంచి తీసేశాయి. అక్కడి చట్టం పెట్టిన 0.5 శాతం గీతని కొన్ని సీసాలు దాటుతున్నాయన్న అనుమానమే కారణం. మన ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నాటి నిబంధనలు కూడా ఘనపరిమాణంలో 0.5 శాతం దాటిన దాన్నే ఆల్కహాల్ పానీయంగా లెక్కవేస్తాయి. గీత దాటితే అది ఎక్సైజ్ వ్యవహారం. అంతకంటే ముందు అది నమ్మకానికి సంబంధించిన విషయం. గర్భిణులు, పిల్లలు, మతాచారం వల్ల మద్యం ముట్టనివాళ్లు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు, ఆల్కహాల్ పడని మందులు వాడుతున్నవాళ్లు ఆ లేబుల్‌ని నమ్మి తాగుతారు.

అర శాతం ఎంత చిన్నదో లెక్క చూద్దాం. లీటరులో 5 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 4 గ్రాములు. గ్రాము గ్లూకోజ్ లేదా ఫ్రక్టోజ్ నుంచి గరిష్ఠంగా 0.51 గ్రాముల ఆల్కహాల్ వస్తుంది కాబట్టి, ఈ నాలుగు గ్రాములకి ఎనిమిది గ్రాముల చక్కెర పులిస్తే చాలు. రెండు చిన్న స్పూన్లు! పులవడం ఆపి సీసాలో పోసేటప్పటికి లీటరుకి 50 గ్రాముల చక్కెర మిగిలి ఉంటే, అదంతా పులిస్తే కాగితం మీద లెక్క మూడు శాతం దాటుతుంది. నిజానికి అంతదాకా వెళ్లకపోవచ్చు, కానీ అవకాశం సీసాలోనే ఉంది.

ఇక్కడ అందరూ గమనించాల్సిన విషయం ఒకటుంది. గుడ్డ కట్టిన జాడీలో ఈస్ట్ చేసిన ఆల్కహాల్‌ని బ్యాక్టీరియా తినేస్తూ ఉంటుంది. దానికి గాలి కావాలి. మూత బిగించిన సీసాలో గాలి ఉండదు. ఆల్కహాల్‌ని తినేవాళ్లు ఆగిపోతారు, చేసేవాళ్లు ఆగరు. కాబట్టి సీసాలో ఆల్కహాల్ పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఇప్పుడు గ్యాస్ సంగతి. ఆ ఎనిమిది గ్రాముల చక్కెర నుంచే దాదాపు 3.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే లీటరు ద్రవానికి రెండు లీటర్ల గ్యాస్. మామూలు కూల్ డ్రింక్‌లో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి కొంబుచా సీసాలో కూల్ డ్రింక్ అంత పొంగు ఉండి, ఆ గ్యాస్ సిలిండర్ నుంచి ఎక్కించింది కాకుండా సీసాలోనే పుట్టిందైతే, ఆ పొంగుతోపాటే అర శాతానికి మించిన ఆల్కహాల్ కూడా పుట్టినట్టే. ‘సహజమైన పొంగు’ అని గొప్పగా రాసుకునేవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి. సీసాలో పోశాక జరిగే రెండో పులియబెట్టడంలో పండ్ల రసం కలిపితే ఈస్ట్‌కి అదనంగా మేత దొరుకుతుంది.

మరి ఆ అర శాతాన్ని కొలిచేదెలా? బీరు చేసేవాళ్లు హైడ్రోమీటర్‌తో మొదటి సాంద్రత, చివరి సాంద్రత చూసి సూత్రంలో వేస్తారు. కొంబుచాకి అది పనికిరాదు. తగ్గిన చక్కెర అంతా ఆల్కహాల్‌గా మిగిలిందని ఆ సూత్రం నమ్ముతుంది. ఇక్కడ కొంత పులుపుగా మారిపోయింది, కొంత పైన తెట్టుగా, అంటే సెల్యులోజ్‌గా గట్టిపడింది. బట్టీ పెట్టి ఆల్కహాల్‌ని వేరుచేసి సాంద్రత చూసే పాత పద్ధతి ఉంది. అందులోనూ ఎసిటిక్ ఆమ్లం ఆవిరై వెంట వచ్చేస్తుంది, అందుకే ముందే క్షారం పోసి దాన్ని కట్టడి చెయ్యాలి. పైగా నీళ్లకీ, అర శాతం ఆల్కహాల్ కలిసిన నీళ్లకీ తేడా లీటరుకి ముప్పావు గ్రాము మాత్రమే. ఉష్ణోగ్రత కొంచెం అటూ ఇటూ అయితే ఆ తేడా అందులోనే కలిసిపోతుంది.

నమ్మదగ్గది గ్యాస్ క్రోమటోగ్రఫీ (జీసీ), అంటే ఆవిరిలోని పదార్థాల్ని కాలమ్ అనే సన్నని గొట్టంలో వేరుచేసి కొలిచే పద్ధతి. కొంబుచాలో ఆల్కహాల్ కోసమే పరీక్షా పద్ధతుల్ని ప్రామాణికం చేసే ఏఓఏసీ సంస్థ 2016.12 అనే అధికారిక పద్ధతిని ఆమోదించింది, అందులో వాడేది జ్వాల డిటెక్టర్ ఉన్న జీసీ యంత్రమే. ఈ విషయంలో విశాఖకి ఒక అనుకూలత ఉంది. పరవాడ ఫార్మా సిటీలో మందుల్లో మిగిలిపోయిన సాల్వెంట్లు చూసే కుర్రాళ్లకి హెడ్‌స్పేస్ జీసీ రోజూ చేసే పని. చిన్న గాజు వయల్‌లో శాంపిల్ పోసి, మూత నొక్కి బిగించి, వేడి చేస్తారు. ద్రవం పైన ఖాళీలో పోగైన ఆవిరిని మాత్రమే యంత్రం పీల్చుకుంటుంది. చక్కెర, టీ రంగు, తెట్టు ముక్కలు కాలమ్‌లోకి రావు. హైడ్రోజన్ మంటలో ఆల్కహాల్ మండి సంకేతం ఇస్తుంది, నీటి ఆవిరి ఆ డిటెక్టర్‌కి కనపడదు. ప్రతి వయల్‌లోనూ తెలిసినంత ప్రొపనాల్ కలుపుతారు, పీల్చుకోవడంలో హెచ్చుతగ్గులుంటే దాన్నిబట్టి సరిచేసుకోవడానికి. తీపి, పులుపు ఉన్న ద్రవం నుంచి ఆల్కహాల్ ఆవిరయ్యే తీరు ఉత్త నీళ్ల నుంచి ఆవిరయ్యే తీరులా ఉండదు. అందుకే మంచి ల్యాబ్ మీ కొంబుచాలోనే తెలిసినంత ఆల్కహాల్ కలిపి, కలిపినదంతా అంకెలో తిరిగి కనపడుతోందా అని చూస్తుంది. రిపోర్టు తీసుకునేటప్పుడు ఈ రికవరీ ఎంతో అడగండి. కొలతకి అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో కూడా అడగండి. 0.48 అని వచ్చి, అటూ ఇటూ 0.05 తేడా ఉందంటే, ఆ సీసా గీత లోపలే ఉందని ఎవరూ చెప్పలేరు. సీసాలో పోసే రోజు 0.3 దాటకుండా చూసుకుంటే ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇంత మంచి యంత్రాన్ని కూడా పాడుచేసేది శాంపిల్ ప్రయాణం. మే నెల మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో సీసా పెట్టి ఊరు దాటించి, ల్యాబ్ కౌంటర్‌లో ఇచ్చి వస్తే, వాళ్లు మర్నాడు తెరుస్తారు. డిక్కీ లోపలి వేడికి ఈస్ట్ దారి పొడుగునా పనిచేసింది. వచ్చే అంకె మీ బ్యాచ్‌ది కాదు, మీ ప్రయాణానిది. ఐస్ పెట్టెలో పంపాలి. వీలైతే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి వడకట్టి ఈస్ట్‌ని పూర్తిగా తీసేసి, వయల్ నిండా పోసి మూత బిగించాలి. పెద్ద గిన్నెలోంచి తీసేటప్పుడు పైపొర ఒక్కటే ముంచి తీయకూడదు. తెట్టు దగ్గర పులుపు ఎక్కువ, అడుగున ఈస్ట్ ఎక్కువ. తెట్టు తీసి మెల్లగా కలిపాకే తీయాలి.

ఆరోగ్యం పేరుతో చెప్పే మాటల దగ్గరికి వస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ‘పులిసేకొద్దీ పాలిఫినాల్స్ పెరుగుతాయి’ అంటారు. పాలిఫినాల్స్ అంటే టీ ఆకులో ఉండే, ఒంటికి మంచివని చెప్పుకునే పదార్థాలు. వాటి అంకె ఎక్కువగా వచ్చేది ఫోలిన్ రంగు పరీక్ష నుంచి. నీలం రంగు ఎంత గాఢంగా వచ్చిందో 765 నానోమీటర్ల దగ్గర చూస్తారు. టీ ఆకుకి ఇది ఐఎస్ఓ ప్రమాణంలో ఉన్న పద్ధతే. కానీ ఆ రసాయనం పాలిఫినాల్స్‌తోపాటు ఎలక్ట్రాన్లు ఇవ్వగల క్షయకరణ చక్కెరలతోనూ, విటమిన్ సితోనూ రంగు ఇస్తుంది. సుక్రోజ్ క్షయకరణ చక్కెర కాదు. పులిసేటప్పుడు అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఈ రెండూ క్షయకరణ చక్కెరలే. అంటే కొత్తగా ఒక్క పాలిఫినాల్ పుట్టకపోయినా నీలం రంగు కొంత పెరగగలదు. టీలోని పాలిఫినాల్స్ అయిన కాటెచిన్లని పేరుపేరునా చూపే హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్ చూడకుండా ఆ మాట రాయకూడదు.

‘కొంబుచాలోని గ్లూకురోనిక్ ఆమ్లం కాలేయాన్ని శుభ్రం చేస్తుంది’ అనే మాట సంగతి ఇంకా చిక్కు. కాలేయం వ్యర్థాలని బయటికి పంపడానికి దాన్ని వాడుకుంటుంది నిజమే, కానీ కావలసింది శరీరం తానే తయారుచేసుకుంటుంది. కొంబుచాలో అది ఎంతుందో తేల్చడం కష్టం. గ్లూకోనిక్ ఆమ్లానికీ దీనికీ తేడా రెండు హైడ్రోజన్ పరమాణువులే, కాలమ్‌లో రెండూ దగ్గరదగ్గరగా బయటికి రాగలవు. బరువు చూసి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ పెడితే వీటిని విడదీయొచ్చు. కానీ ఇదే బ్యాక్టీరియా చేయగల 2-కీటోగ్లూకోనిక్ ఆమ్లానికి గ్లూకురోనిక్ ఆమ్లంతో సరిగ్గా అదే అణు సూత్రం, అదే బరువు. శుద్ధమైన నమూనాలు పక్కన పెట్టి కాలమ్‌లో వేరుచేసి చూపనిదే ‘ఇందులో గ్లూకురోనిక్ ఆమ్లం ఉంది’ అనే మాటకి ఆధారం లేదు.

అందరూ మర్చిపోయే కొలత ఒకటి మిగిలింది, సీసం. లోహం సీసం. పింగాణీ జాడీల్లో కొన్నిటి మెరుపు పూతలో సీసం ఉంటుంది, పులుపు దాన్ని మెల్లగా లాగేస్తుంది. పింగాణీ పాత్రలో కొంబుచా చేసుకుని తాగిన దంపతులకి సీసం విషం ఎక్కినట్టు ఆస్ట్రేలియాలో 1998లో వైద్యులు నమోదు చేశారు. మన ఇళ్లలో ఆవకాయ జాడీలు ఎప్పుడూ చేతికి అందుతాయి కాబట్టి చెబుతున్నాను: ఆవకాయలో ఉప్పు, నూనె, కారం తోడుంటాయి, ఇది నీళ్లలాంటి ఆమ్లం, రోజుల తరబడి గోడల్ని తడుపుతూనే ఉంటుంది. పూత గురించి నమ్మకంగా తెలియని జాడీ వాడొద్దు. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు అసలే వద్దు. గాజు గానీ, ఆహారానికి వాడే మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ వాడాలి. అమ్మేవాళ్లు ఏడాదికి ఒకసారైనా లోహాల్ని కొలిచే ఏఏఎస్ లేదా ఐసీపీ యంత్రం మీద సీసం పరీక్ష చేయించుకోవాలి.

ఇంట్లో చేసి అమ్మేవాళ్లు ఇవన్నీ రోజూ చెయ్యలేరు, చెయ్యనక్కర్లేదు. ప్రతి బ్యాచ్‌కీ పీహెచ్ మీటర్, బ్యూరెట్ చాలు. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. ఈ ఊళ్లో డిసెంబరులో పన్నెండు రోజులు పట్టిన పులుపు మేలో వారంలోపే వచ్చేస్తుంది, తేదీ చూసి సీసాలో పోసేవాళ్లకి ప్రతి వేసవిలో బ్యాచ్‌లు చెడేది ఇందుకే. ఆల్కహాల్, చక్కెరల కోసం ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల జాతీయ గుర్తింపు బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి. రుచి మార్చినప్పుడు, పండు మార్చినప్పుడు, కాలం మారినప్పుడు తప్పనిసరిగా పంపాలి. పంపేటప్పుడు ఒకే బ్యాచ్‌లోంచి కొన్ని సీసాలు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, కొన్ని బయట 30 డిగ్రీల దగ్గర ఉంచి, ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు, పధ్నాలుగో రోజు ఒక్కొక్కటి తెరిపించాలి. బయట ఉంచిన సీసా ఏ రోజు అర శాతం దాటిందో తెలిస్తే, కరెంటు పోయిన రోజు కొట్టువాడికి ఏం చెప్పాలో తెలుస్తుంది: ఎన్ని గంటల దాకా అమ్మొచ్చు, ఆ తర్వాత ఏ బ్యాచ్ నంబర్ సీసాలు వెనక్కి పంపెయ్యాలి అనేది.